ట్యాంకు దించిన పూట

పదహారు లీటర్ల ట్యాంకు
వీపున తగిలించుకుని వెళ్లాను,
మెంటాడ దాటి, చంపావతి ఇసుక దాటి,
గేదెల తవిటమ్మ నిమ్మతోటకి.
ట్యాంకుకి నలభై రూపాయలు, మందు ఆవిడదే.
నలభై రెండు చెట్లకి పది ట్యాంకులని
దారిలోనే లెక్క వేసుకున్నాను:
మధ్యాహ్నానికి నాలుగొందలు,
సాయంత్రానికి సైకిలుకి కొత్త టైరు.

ఫిబ్రవరి చిగురు.
ప్రతి కొసనా పేనుబంక,
తడి చేత్తో నల్లనువ్వులు అద్దినట్టు.
లేతాకులు దోసిళ్లు ముడుచుకున్నాయి.
కిందాకుల మీద బంక, బంక మీద మసి.
వీటికి మొగుడి ఊసు లేదు, గుడ్డు ఊసు లేదు,
తల్లి కడుపులో కూతురు,
ఆ కూతురి కడుపులో అప్పుడే మనవరాలు.
ఇంత సంసారానికీ
మూతెడు మందు చాలు నాకు.

ముక్కుకి తువ్వాలు కట్టుకుంటుంటే
తవిటమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.
"ఉండు బావూ. సూసి కొట్టు."
"ఏటి సూడాల?"
"ముందల సూడు."

గోటితో చిగురు వంచింది.
అక్కడ నడుస్తోంది
వడ్లగింజంత మొసలి.
నల్లటి ఒళ్లు, నారింజ మచ్చలు.
ఒక పేనుని పట్టి, పైకెత్తి, పీల్చి,
తొక్క వదిలేసి పక్కదాని మీదికి పోయింది.
అక్షింతల పురుగు బిడ్డట.
"పెద్దయ్యాక సోకులు పోద్ది.
సిన్నప్పుడు ఇదిగో, ఇలగ."

నేనేమీ అనలేదు.
పోయినేడు బొండపల్లి బెండతోటలో
ఈ మొసళ్లనే చూసి, తెగులంటే ఇవేననుకుని,
రెండు మూతలు ఎక్కువ కలిపి కొట్టాను.
రైతు మెచ్చుకుని టీ ఇప్పించాడు.
పది రోజులకి పేనుబంక రెట్టింపైంది.
మందు కల్తీదని
ఇద్దరం వెళ్లి కొట్టువాణ్ని తిట్టొచ్చాం.

ఇంకో ఆకు తిప్పింది.
గోధుమరంగున ఉబ్బి ఎండిన పేలు,
ఒక్కోదాని వీపున గుండ్రటి కన్నం,
మూత తెరిచిన కుంకుమభరిణెలా.
కంటికి ఆనని కందిరీగ ఒకటి
బతికున్న పేనులో గుడ్డు పెట్టిందట.
ఆ బిడ్డ ఇంటిగలదాన్నే తిని,
తలుపు కోసుకుని ఎగిరిపోయిందట.
"అద్దేమైనా కట్టిందేటి?" అన్నాను.
తవిటమ్మ నవ్వలేదు.
చీమల్ని చూపించింది.

మొదట్నించి కొస దాకా బారు.
మీసాలతో పేనుల వీపు నిమిరి
తీపిచుక్క తాగుతున్నాయి.
అక్షింతల పురుగు వాలితే
కాలు పట్టుకు లాగుతున్నాయి.
పాలమ్ముకునేవాడికి
ఆవు మీదుండే ప్రేమ.
"ఈటితోనే నా తగువు," అంది.

ఆ పూట మందు సీసా మూత తియ్యలేదు.
ఆముదంలో గుగ్గిలం కాచి,
మాను చుట్టూ పాలిథిన్ పట్టీ కట్టి,
దానికి పూశాం, చెట్టు చెట్టుకీ.
నేల తాకే కొమ్మలు కోసేశాం,
చీమకి దొడ్డిదారి లేకుండా.
చేతులకి జిగురు మూడు రోజులు వదల్లేదు.
రెండొందల యాభై ఇచ్చింది.
పాత టైరుకే
లోపల ముక్క వేయించుకున్నాను.

పద్దెనిమిదో రోజు
పనేం లేకుండానే వెళ్లాను.
ముడుచుకున్న ఆకులు ముడుచుకునే ఉన్నాయి.
వాటి పైన కొత్త ఆకులు
చాచిన అరచేతుల్లా ఉన్నాయి.
గట్టు పక్క మూడు చెట్లకి మాత్రం
పిందె నిలవలేదు.
ఆవిడ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

"అక్కడక్కడా ఇంకా ఉన్నాయి పేలు," అన్నాను.
"ఉండాల.
అన్నీ సచ్చిపోతే
ఈటికి కూడెవుడెడతాడు?"

ఇప్పటికీ మందు కొడతాను. నా కూడు అదే.
కానీ ముందు ట్యాంకు దించుతాను,
నాలుగు చెట్ల దగ్గర ఆకు తిప్పుతాను.
"వీడికి చూపు మందగించింది,
వేరేవాణ్ని పిలవండి," అంటారు కొందరు. పిలుస్తారు కూడా.

మొన్న గజపతినగరంలో, దబ్బచెట్టు కింద,
ట్యాంకు పట్టీ మీద వాలిందొకటి.
పసుప్పచ్చటి వీపు, దాని మీద
కాటుక వేలు వణికినట్టు వంకర గీత.
భుజం దాకా పాకింది.
ఇంటాయన అరుగు మీంచి
"ఏమైందయ్యా, మొదలెట్టవేం?" అంటున్నాడు.
గొట్టం నేలకి వంచి పట్టుకుని
నిలబడ్డాను.